రాజధాని అనే గుర్రమూ, దాని గిట్టలూ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు ఇద్దరు ఈమధ్య నన్ను చూడ్డానికి వచ్చారు. మాటల్లో గుర్రాల సంగతి ఎత్తితే వాళ్ళలో ఒకమ్మాయి, "మన వైపు గుర్రాలెక్కడుంటాయి మేడమ్? పరీక్ష రాశాక ఆ పుస్తకం కట్టకట్టి అటక మీద పెట్టేశాను" అంది. నేనూ ఆ వయసులో అచ్చం అదే పని చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా సత్తెనపల్లి, అద్దంకి, తుళ్లూరు చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేశాను. నా చేతుల మీదుగా వెళ్ళినవి దాదాపు అన్నీ గేదెలే. మాయ పడని గేదెలు, పొదుగు వాచిన గేదెలు, పత్తి చేలో మందు కొట్టిన మర్నాడు గట్టు మీద మేసి నురగలు కక్కిన గేదెలు. గుర్రాల్ని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా నా పరువు తీసినవీ, నాకు బుద్ధి చెప్పినవీ ఆ నాలుగు గుర్రాలే.

మా అమ్మ మిరపకాయల కోతకు కూలికి వెళ్ళేది. నాకు పశువైద్యంలో సీటొచ్చిందని చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు ఆమెను పక్కకు పిలిచి, "మనుషుల డాక్టరు సీటు కోసం ఇంకోసారి చేద్దామా అమ్మా?" అని అడిగారట. మా అమ్మ, "వద్దులెండి, గొడ్లయితే అబద్ధం చెప్పవు" అందట. ఆ మాట గేదెల విషయంలో నిజం. గుర్రం దగ్గర మాత్రం నా కళ్ళే నాతో అబద్ధం చెప్పాయి.

ఏ కాలు?

సత్తెనపల్లిలో చేరిన మొదటి ఏడాది మస్తాన్ గారు తన గుర్రాన్ని నడిపించుకొచ్చారు. ఆయనకు అప్పుడే నలభై దాటుంటాయి. ఎద్దులకు నాడాలు కొట్టడం ఆయన కులవృత్తిలాంటి పని. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం ఈ తెల్ల ఆడగుర్రాన్ని ఊరేగింపులకు తిప్పేవారు. దాని పేరు బిజిలీ. బ్యాండు మోగితే ముందు కాళ్ళెత్తి ఆడుతుంది. ఆ రోజు మాత్రం కుంటుతూ వచ్చింది.

ఆస్పత్రి ముందు గుర్రం అనగానే బజారు బజారంతా పోగైంది. నడిపించమన్నాను. బిజిలీ నాలుగడుగులు వేసింది. కుడి ముందు కాలు నేల మీద పడినప్పుడల్లా తల కిందికి దించుతోంది. "కుడి కాలే" అన్నాను, అంతమందిలో, గట్టిగా. కుడి గిట్ట ఎత్తించి, శుభ్రం చేయించి, తవుడూ ఎప్సమ్ ఉప్పూ కలిపి కట్టు కట్టి, పైన గోనె గుడ్డ చుట్టాను. చూసినవాళ్ళు తలలాడించారు. మస్తాన్ గారు దండం పెట్టి వెళ్ళిపోయారు.

మూడో రోజు బిజిలీ మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. కుడి కాలికి నేను కట్టిన కట్టు అలాగే ఉంది. ఎడమ కాలికి ఇంకో కట్టు ఉంది.

"ఇదేంటండీ?" అన్నాను.

ఆయన ఎడమ కాలు చూపించి, "చీము ఎడమ గిట్టలో ఉంది డాక్టరమ్మా. నిన్న తోడేశాను" అన్నారు.

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"మీరు చదువుకున్నోళ్ళు. అంతమందిలో ఎట్టా చెప్పేది? అయినా కుడి కాలికి కట్టు కడితే నష్టమేముందిలే అనుకున్నా."

"మరి ఇంటికెళ్ళి విప్పెయ్యొచ్చుగా?"

"డాక్టరు కట్టిన కట్టు నేనెట్టా విప్పుతానమ్మా?"

ఆ మధ్యాహ్నం ఆయన చేత్తో బిజిలీని అటూ ఇటూ నడిపిస్తూ నాకు పాఠం చెప్పారు. నొప్పి ఉన్న ముందు కాలు నేలకు తగిలినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, బరువు తప్పించుకోవడానికి. బాగున్న కాలు పడినప్పుడు నిశ్చింతగా తల దించుతుంది. నేను బాగున్న కాలికి వైద్యం చేశానన్నమాట. ఇది పుస్తకంలోనూ ఉంది. ఆ పుస్తకమే అటక మీద ఉంది.

తర్వాత ఆయన నా వేళ్ళు పట్టుకుని మడమ పైన, వెనకవైపు ఒకచోట పెట్టించారు. అక్కడ నాడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అది వెతికినా సరిగా దొరకదు. గిట్టలో చీము పట్టినా, వాపొచ్చినా వేలి కింద టకటక కొట్టుకుంటుంది. "బాగున్నప్పుడు రోజూ పట్టి చూడాలమ్మా. లేకపోతే బాగోనప్పుడు తెలియదు" అన్నారు. ముప్పై ఏళ్ళలో ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. రోజూ గిట్టల్లో మట్టి తోడటం, మూత్రంలో నిలబడనివ్వకపోవడం, నల్లగా కుళ్ళి కంపు కొడుతుంటే కడిగి ఆరబెట్టి మైలుతుత్తం పెట్టడం, నెలా నెలన్నరకోసారి గోరు కత్తిరించి ఆకురాయితో రుద్దటం, ఇవన్నీ ఆయన దగ్గరే చూశాను. నా వంతుగా ఆయనకు నేర్పింది ఒకటే. గిట్టలో మేకు దిగినా, చీము తీసినా ధనుర్వాతం టీకా తప్పదని. గుర్రాలు దానికి తేలిగ్గా బలైపోతాయి.

రెండో గిట్ట

మా పై అధికారుల్లో ఒకాయనకు గుర్రాలంటే భయం. ఆ సంగతి ఒప్పుకోరు. గాలికుంటు టీకాల తనిఖీకి వచ్చి, బజార్లో బిజిలీని చూసి, జీపు తలుపు సగం తెరిచి అందులోంచే అడిగారు.

"దీనికి టీకా వేశావా అమ్మా?"

"గుర్రానికి గాలికుంటు రాదు సార్. అది చీలిన గిట్టలున్న పశువులకే."

"గిట్టలున్న పశువులన్నిటికీ అని ఆర్డర్లో ఉంది."

"దీని గిట్ట చీలి ఉండదు సార్. కాలికొకటే."

ఆయన జీపులోంచి మెడ చాచి చాలాసేపు చూశారు. "రెండోది ఏమైంది?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. భయం వేసింది. పక్కనున్న మస్తాన్ గారు ఏమాత్రం తొణక్కుండా, "పుట్టుకతోనే లేదు సార్" అన్నారు. అధికారి తృప్తిగా తలూపి తలుపు వేసుకున్నారు. మీకూ ఇలాంటి అధికారులు వస్తారు. వాళ్ళతో వాదించకండి. తప్పని తెలిసిన పని చేయమంటే మాత్రం చేయకండి.

ఆ ఇంజక్షన్

ఇది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది. అయినా చెప్పాలి.

ఇంకో రెండేళ్ళకు బిజిలీ మళ్ళీ కొద్దిగా కుంటింది. మస్తాన్ గారు తీసుకొచ్చేసరికి వెనకే రెండు కార్లొచ్చాయి. పెళ్ళివాళ్ళు. మధ్యాహ్నం ఊరేగింపు. పెళ్ళికొడుకు మేనమామ చెమటలు కక్కుతూ, "గుర్రం లేకపోతే ఇంట్లోంచి కదలనంటున్నాడండీ. తలుపేసుకుని కూర్చున్నాడు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి" అన్నాడు.

గిట్ట వేడిగా ఉంది. నాడి కొట్టుకుంటోంది. నాకు తెలుసు. మస్తాన్ గారికీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను నొప్పి తగ్గే ఇంజక్షన్ చేశాను. అరగంటలో బిజిలీ కుంటడం మానేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు అది తారు రోడ్డు మీద రెండు గంటలు ఆడింది.

నొప్పి తెలియకపోతే గుర్రం కాలు దాచుకోదు. లోపలి చీము కింద దారి లేక పైకి పాకి, గిట్టకూ వెంట్రుకలకూ మధ్య అంచు దగ్గర పగిలింది. గిట్ట గోడ బెత్తెడు మేర విడిపోయింది. బిజిలీ రెండు పెళ్ళిళ్ళ సీజన్లు పనికి రాలేదు. మస్తాన్ గారు పత్తి మిల్లులో బేళ్ళు మోశారు. నేను క్షమాపణ చెప్పడానికి వెళ్తే, ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "ఇద్దరం కలిసే చేశాం డాక్టరమ్మా" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

రాజధాని కదలట్లేదు

ఉద్యోగం చివరి రోజుల్లో తుళ్లూరు వైపు పనిచేస్తుండగా ఒక ఉదయం ఫోనొచ్చింది.

"మేడమ్ గారూ, రాజధాని కదలట్లేదండీ. వంగిపోయి నిలబడింది."

"అది నాకెందుకు చెబుతున్నారండీ? ఇక్కడ పశువుల ఆస్పత్రి" అని పెట్టేశాను. మళ్ళీ చేశాడు. "పశువేనండీ. మా గుర్రం పేరది."

ఆయన పేరు ఆంజనేయులు. నాలుగెకరాల నల్లరేగడి రాజధాని భూ సమీకరణలో ఇచ్చి, ప్లాట్లు తీసుకుని, ఇప్పుడు ఇళ్ళ స్థలాల వ్యాపారం చేస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ గుర్రం కోరికట. ఉత్తరాది నుంచి లారీలో తెప్పించాడు. దాని సాల చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. నేలంతా నున్నటి గ్రానైట్. గోడకు ఏసీ. గుమ్మానికి ఇత్తడి అక్షరాలతో 'రాజధాని'. ప్లాటు కొనడానికొచ్చే ప్రతివాడూ ముందు దీనితో ఫొటో దిగి, శుభమని ఏదో ఒకటి తినిపించి వెళ్తాడట.

గుర్రం ముందు కాళ్ళు రెండూ బాగా ముందుకు చాచి, బరువంతా వెనక్కేసి, కనపడని కుర్చీలో కూర్చోబోతున్నట్టు నిలబడి ఉంది. కాలు ఎత్తనివ్వడం లేదు. రెండు గిట్టలూ పొయ్యి మీంచి దించిన గిన్నెల్లా ఉన్నాయి. వేలు పెట్టీ పెట్టకముందే నాడి దబదబ కొట్టింది.

"నిన్నా మొన్నా ఏం పెట్టారు?"

"మామూలేనండీ. జీడిపప్పు, అరటిపళ్ళు, బిస్కెట్లు. మొన్న గృహప్రవేశంలో మిగిలిన లడ్డూలు."

"ఎన్ని?"

"ఎన్నంటే... ఒక బేసిన్."

అప్పటిదాకా మూలన స్టూలు మీద కూర్చున్న ముసలామె దిగ్గున లేచింది. ఆంజనేయులు తల్లి సీతారావమ్మ గారు. "ఏరా! నాకు షుగరని లడ్డూ వాసన కూడా చూడనివ్వవు. దీనికి బేసిన్ పెట్టావా?"

"అది గుర్రం కదమ్మా, దానికి షుగర్ ఏంటి?"

"ఆమె చెప్పిందే నిజం" అన్నాను. తీపీ గింజా అతిగా తిన్న గుర్రానికి కడుపులో పుట్టిన విషం గిట్టలకు దిగుతుంది. లోపలి ఎముకనూ బయటి గోటినీ కలిపి పట్టుకున్న పొర వాచి ఊడిపోతుంది. మన గోరు కిందికి పుల్ల దిగితే ఎలా ఉంటుందో, దాని మీద నాలుగు క్వింటాళ్ళ బరువేసి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోమన్నాను. దీన్ని లామినైటిస్ అంటారు. మొదటి రెండు రోజుల్లో పట్టుకోకపోతే ఎముక గిట్ట అడుగును చీల్చుకుని బయటికొస్తుంది. ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.

ఆంజనేయులు మొహం పాలిపోయింది. అయినా అతనన్న మాట వేరు. "ఆదివారం వెంచర్ ప్రారంభం మేడమ్. నేను దీని మీదెక్కి చుట్టూ తిరగాలి. కార్డుల్లో ఫొటో కూడా వేశాం."

ఆ రోజు గురువారం.

నీలం చెప్పులు

ముందు మస్తాన్ గారికి ఫోన్ చేశాను. ఆయనకు డెబ్భై దాటాయి. "ఐసు పెట్టండి, వస్తన్నా" అని రెండే మాటలు చెప్పి బస్సెక్కారు.

ఐసు చేపల అంగడి నుంచి వచ్చింది, థర్మోకోల్ పెట్టెలతో సహా. గుర్రం ముందు కాళ్ళు చెరో చేపల పెట్టెలో పెట్టించి, నీళ్ళూ ఐసూ నింపాం. కరిగేకొద్దీ నింపుతూనే ఉన్నాం. ఏసీ గదిలో, గ్రానైట్ మీద, చేపల పెట్టెల్లో నిలబడిన తెల్ల గుర్రాన్ని చూడ్డానికి ప్లాట్లు చూసుకుందామని వచ్చినవాళ్ళంతా వచ్చారు. ఒకాయన చేతిలో అరటిపండుతో వచ్చాడు. సీతారావమ్మ గారు ఆ పండు లాక్కుని, "దగ్గరికొచ్చావంటే ఐసులో నిన్ను నిలబెడతా" అంది. అప్పటి నుంచీ ఆమె స్టూలు గుమ్మానికి అడ్డంగా పడింది. నీళ్ళలో నానబెట్టి పిండిన ఎండుగడ్డి తప్ప ఏదీ లోపలికి పోలేదు.

కట్టుబడి కోసం వచ్చిన ఇసుక లారీని సాల ముందు ఆపించి, గ్రానైట్ కనపడకుండా మోకాలి లోతు పోయించాను. పడుకోవడానికి మెత్తటి చోటు దొరికిందని ఆ జంతువు పెట్టిన నిట్టూర్పు నేను మరిచిపోలేను.

శనివారానికి నొప్పి మందూ ఐసూ పనిచేశాయి. రాజధాని ఇసుకలో రెండడుగులు వేసింది. ఆంజనేయులు పరిగెత్తుకొచ్చాడు.

"నడుస్తోందిగా మేడమ్! రేపు పొద్దున ఇంకో ఇంజక్షన్ చేసెయ్యండి. పావుగంటే. నేను బరువు కూడా తక్కువే."

"మందు ఇచ్చింది అది ఓర్చుకోవడానికండీ. మీరు ఎక్కడానికి కాదు."

"మీకు తెలియదు మేడమ్. ఊరందరి ముందూ..." అతను గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. "మా నాన్న నన్ను కాడి మోయించాడండీ. ఎద్దు చచ్చిపోయిన ఏడు, రెండో ఎద్దు పక్కన నన్ను కట్టాడు. ఊరంతా చూసింది. వాళ్ళందరూ రేపొస్తున్నారు."

సీతారావమ్మ గారు తల తిప్పుకుంది. అతను బయటికెళ్ళి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. కాసేపటికి మా పై అధికారి నాకు చేశారు. జీపు ఆయన కాదు, వేరే ఆయన.

"ఒక ఇంజక్షనేగా అమ్మా. పెద్దవాళ్ళు అడుగుతున్నారు. చేసెయ్యి."

"చేస్తాను సార్. ఆ గుర్రాన్ని నడిపించమన్నారని ఒక ముక్క రాసి పంపండి."

"అయితే వద్దులే. జాగ్రత్తగా చూసుకో" అని పెట్టేశారు. ఈ ఉపాయం మీరూ నేర్చుకోండి. చాలా ప్రాణాలు నిలబెడుతుంది.

ఆంజనేయులు పక్కన మస్తాన్ గారు ఇసుకలో చతికిలబడ్డారు. బిజిలీ సంగతి మొత్తం ఆయనే చెప్పారు, నా పేరు రానివ్వకుండా, తప్పంతా తనదే అన్నట్టు. నేను మధ్యలో ఆపి, "ఆ ఇంజక్షన్ చేసింది నేనండీ" అన్నాను. ఆంజనేయులు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే కాళ్ళకు ఇంకేం చెయ్యాలో చెయ్యండి" అన్నాడు.

మస్తాన్ గారు నాడాలు ఊడదీశారు. మడమకూ గిట్ట అడుగుకూ దన్ను కావాలి. మెత్తగా ఉండాలి, అణిగిపోకూడదు. దిండు పనికిరాదు, రబ్బరు గట్టిది. నేను చుట్టూ వెతుకుతుంటే నా చూపు సీతారావమ్మ గారి కాళ్ళ మీద పడింది. షుగరున్నవాళ్ళు వేసుకునే మెత్తటి నీలం చెప్పులు.

"ఏంటమ్మా అట్టా చూస్తన్నావు?" అంది ఆమె. తర్వాత తనకే అర్థమై, వంగి రెండూ విప్పి ఇచ్చింది. "లోపల కొత్త జత కూడా ఉంది. రెండు కాళ్ళకీ కలిపి నాలుగు కావాలిగా."

పట్టీలు కోసేసి, రెండేసి పొరలుగా గిట్ట ఆకారానికి కత్తిరించి, ప్యాకింగ్ టేపుతో చుట్టాం. రాజధాని ఒక కాలు నేల మీద ఆనించి చూసుకుంది. తర్వాత రెండోది. తర్వాత మూడు రోజుల్లో మొదటిసారి నిటారుగా నిలబడింది.

ఆదివారం వెంచర్ చుట్టూ ఆంజనేయులు కాలినడకన తిరిగాడు, తలపాగాతో. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందరూ సాల దగ్గరే ఉన్నారు. ఒకాయన, "గుర్రం ఎందుకు రాలేదు?" అని అడిగితే సీతారావమ్మ గారు ఏమాత్రం తడుముకోకుండా, "దీక్షలో ఉంది" అంది. తీపి తినట్లేదు, నేల మీద పడక, అంతా సరిపోయింది. ఇంకొకడు మాత్రం తెలివిగా, "దీక్షలో చెప్పులేసుకోరుగా?" అన్నాడు.

"మామూలుగా చెప్పుల్లేకుండా తిరిగేది కదరా. దానికి వేసుకోవడమే దీక్ష" అంది ఆమె. అతను ఒప్పుకున్నాడు.

ఏడాది

గిట్ట నెలకు వేలి మందమంత కూడా పెరగదు. పైనుంచి కొత్త గోరు దిగి, చెడిన గోరు మొత్తం అరిగిపోవడానికి ఏడాది దాకా పడుతుంది. ఆ జబ్బు గుర్తు గిట్ట చుట్టూ ఒక ఉంగరంలా తేలి, నెలనెలా కిందికి జరుగుతుంది. ఈ ఏడాదిలో వైద్యుడు చేసే పని చాలా తక్కువ. వెళ్ళాలి, నాడి పట్టాలి, ఆత్రపడేవాళ్ళను ఆపాలి. నెలన్నరకోసారి మస్తాన్ గారు వచ్చి గిట్టల ముందు భాగం కుదించి కత్తిరించేవారు. ఆంజనేయులు గ్రానైట్ తవ్వించి మట్టి నేల వేయించాడు. ఏసీ తీసేసి తల్లి గదిలో పెట్టాడు. రోజూ పొద్దున్నే అతనే గిట్టల్లో మట్టి తోడేవాడు. ఆ పని చేస్తూ ఫోన్ ఎత్తేవాడు కాదు.

నేను రిటైరయ్యాక కూడా వెళ్ళడం మానలేదు. ఒక ఉదయం ఆ ఉంగరం ఎడమ గిట్ట అంచుకు చేరింది. కుడిది అంతకు ముందు నెలే పోయింది. మస్తాన్ గారు ఆ కాలు ఒళ్ళోకి తీసుకున్నారు. ఆంజనేయులు తాడు పట్టుకున్నాడు. సీతారావమ్మ గారు కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగింది. కత్తెర టక్కుమంది. నెలవంకలాంటి గోరు ముక్క మట్టిలో పడింది. మా ఐసూ ఇసుకా, ఆమె చెప్పులూ, అన్నిటి ఫలితమూ అందులోనే ఉంది. నేను దాన్ని తీసి దాచుకుందామని వంగాను.

గోరు ముక్కలంటే కుక్కలకు ప్రాణం. ఎక్కడి నుంచొచ్చిందో ఒక వీధికుక్క నా చేతి కిందుగా దూరి, దాన్ని నోట కరుచుకుని, హద్దురాళ్ళ మధ్య నుంచి పరుగు తీసింది.

"ఒరేయ్, పట్టుకోండ్రా!" అని సీతారావమ్మ గారు కేక పెట్టింది. ఆంజనేయులు తాడు వదిలేసి కుక్క వెంట పడ్డాడు. తాడు వదిలేసరికి రాజధాని కూడా అతని వెంట పడింది. పిచ్చి జిల్లేడు మొక్కల్లోంచి, ఖాళీ ప్లాట్ల మీదుగా, దుమ్ము లేపుకుంటూ పరిగెత్తింది.

మస్తాన్ గారూ నేనూ మట్టిలో కూర్చునే, కళ్ళార్పకుండా గుర్రం తలవైపే చూశాం. ఏ కాలు పడినా తల పైకెత్తలేదు.